గోన గన్నారెడ్డి గజదొంగ ఎప్పుడయ్యాడు? ఒక శాసనం నవలగా మారిన దారి

క్లుప్తంగా: రాయచూరు కోటలో ఉన్న 1294 నాటి శాసనంలో గోన గన్నారెడ్డి ఒక కాకతీయ సామంతుడు. 1940ల్లో అడివి బాపిరాజు రాసిన నవలలో అతను పైకి గజదొంగ, లోపల రుద్రమదేవికి నమ్మినబంటు. 2015లో వచ్చిన సినిమాలో తెలంగాణ యాసలో మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్న వీరుడు. మూడింటిలోనూ పేరు ఒకటే, మనిషి మాత్రం మారిపోయాడు. ఈ మార్పు రచయిత ఊహ వల్లే జరిగిందనుకుంటే సగమే తెలిసినట్టు. పాత రాతలు ఎక్కడ ఒకదానితో ఒకటి గొడవపడుతున్నాయో, ఎక్కడ ఏమీ చెప్పకుండా ఊరుకున్నాయో, సరిగ్గా అక్కడే నవల తన కథను నాటుకుంది.

అసలు గందరగోళం ఏమిటి

రుద్రమదేవి మీద ఎక్కడ చర్చ మొదలైనా కాసేపటికి గన్నారెడ్డి దగ్గరికి వస్తుంది. అతను నిజంగా దారులు కొట్టేవాడా, ధనవంతుల్ని దోచి రాణికి పంపేవాడా, నవలలో కథానాయిక అయిన అన్నాంబికను పెళ్ళాడాడా అని అడుగుతారు. జవాబిచ్చేవాళ్ళలో కొందరు "ఇదంతా చరిత్రే" అంటారు, కొందరు "మొత్తం కట్టుకథ, అలాంటి మనిషే లేడు" అని కొట్టిపారేస్తారు. రెండూ తప్పే. మనిషి ఉన్నాడు, రాతి మీద పేరు ఉంది. దొంగతనం, ప్రేమ, పెళ్ళి మాత్రం ఆ రాతి మీద లేవు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మనకు కాకతీయుల కథ ఒక పుస్తకంలోంచి రాలేదు. శాసనాలు ఒక పొర. ఆ కాలంలోనే సంస్కృతంలో రాసిన అలంకార గ్రంథం ఇంకో పొర. రాజ్యం పోయిన రెండు వందల ఏళ్ళకు తెలుగులో రాసుకున్న ప్రతాపచరిత్ర లాంటి వచన కథలు మరో పొర. వాటి మీద 20వ శతాబ్దపు చరిత్రకారులు, వాళ్ళ మీద నవలలు, నవలల మీద సినిమా. పై పొర ఎప్పుడూ రంగుల్లో ఉంటుంది కాబట్టి కింది పొరలు కనపడవు.

రాయి ఎంతవరకు చెబుతుంది

రాయచూరు కోటలో ఉన్న శాసనం రాయి సుమారు 41 అడుగుల పొడవు. అంత రాతిని బండి మీద ఎలా లాక్కొచ్చారో కూడా అక్కడే బొమ్మగా చెక్కి పెట్టారు, అదొక ముచ్చట. శాసనం చెప్పేది ఇది: గోన గన్నారెడ్డి సేనాని విఠలుడు ఆదవాని, తుంబళం కోటలు పట్టుకున్నాడు, తర్వాత మానువ, హాలువ పట్టుకున్నాడు, రాయచూరులోకి వచ్చి జనానికి రక్షణగా గట్టి కోటగోడ కట్టించాడు. అంతే. గన్నారెడ్డి ఎలా ఉండేవాడు, ఎవరిని ప్రేమించాడు, ఎందుకు యుద్ధానికి పంపాడు, రాతికి అవసరం లేని సంగతులు. శాసనం వేయించేది విజయాన్నో దానాన్నో నిలబెట్టుకోడానికి, కారణాలు చెప్పుకోడానికి కాదు.

ఇంకో సంగతి గమనించాలి. ఈ శాసనం నాటికి ఓరుగల్లు గద్దె మీద ఉన్నది రుద్రమ కాదు, ఆమె మనవడు ప్రతాపరుద్రుడు. అంటే గన్నారెడ్డి గురించి గట్టిగా చెప్పే రాయి రుద్రమ కాలం దాటాక వేసింది. నవలేమో అతన్ని రుద్రమ గద్దెనెక్కిన రోజుల్లో, అంటే 1260ల దగ్గర పెట్టింది. దీన్ని తప్పు అనలేం. 1262లో అతనికి ఇరవై రెండేళ్ళు అనుకుంటే 1294లో యాభై నాలుగు, సేనానిని పంపి కోటలు పట్టించే వయసే. లెక్కకు కుదురుతుంది, కానీ రుజువు లేదు. చారిత్రక నవల బతికేది ఎక్కువగా ఈ ఇరుకు సందులోనే, 'జరిగి ఉండవచ్చు'కీ 'జరిగింది'కీ మధ్య.

గోన వంశం గురించి మరికొంత తెలుసు. వర్ధమానపురం, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా నంది వడ్డెమాన్, వీళ్ళ కేంద్రం. రంగనాథ రామాయణం అనే ద్విపద కావ్యం గోన బుద్ధారెడ్డిది. తన తండ్రి విఠలుడి పేరు మీద రాశానని అందులోనే చెప్పుకున్నాడు. ఉత్తరకాండను అతని కొడుకులు కాచవిభుడు, విఠలుడు పూర్తి చేశారు. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక 1276లో బూదపూరులో వేయించిన శాసనం ఉంది, అందులో పద్యాన్ని బట్టి ఆమెను తొలి తెలుగు కవయిత్రి అనే వాళ్ళూ ఉన్నారు. ఇక విఠలుడు అన్న పేరు చూడండి: తాత విఠలుడు, మనవడు విఠలుడు, రాయచూరు సేనాని విఠలుడు. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్ళల్లో పేరు చూసి మనిషిని తేల్చడం కష్టం. చరిత్రకారుడికి ఇది తలనొప్పి. నవలాకారుడికి మాత్రం పండగ, ఎందుకంటే ఎవరిని ఎవరికి తమ్ముడిగా చేసినా కాదనేవాళ్ళు లేరు.

నవల ఈ రాతిని ఏం చేసింది

బాపిరాజు నవలలో గన్నారెడ్డి బుద్ధారెడ్డి కొడుకు. తండ్రి పోయాక పినతండ్రి లకుమారెడ్డి వర్ధమానపురాన్ని కాజేస్తాడు, ఆడది గద్దెనెక్కడమేంటని రుద్రమ మీద కత్తి నూరే సామంతుల్లో కలుస్తాడు. అతని కొడుకు వరదారెడ్డికి ఆదవాని ప్రభువు కూతురు అన్నాంబికతో పెళ్ళి కుదురుతుంది. గన్నారెడ్డి ఆ పెళ్ళికొడుకునే ఎత్తుకుపోతాడు. అందరి కంటికీ అతను గజదొంగ. తిరుగుబాటు చేసే సామంతుల బలాన్ని విరగ్గొట్టడానికే ఆ వేషం వేశాడని కథ నడిచేకొద్దీ తెలుస్తుంది.

ఇక్కడ ఆదవాని పేరు దగ్గర ఆగాలి. శాసనంలో ఆదవాని గన్నారెడ్డి సైన్యం పట్టుకున్న కోట. నవలలో అదే ఆదవాని అతని కథానాయిక పుట్టిల్లు. కోటను గెలవడం అన్న వాక్యం పిల్లను గెలుచుకోవడం అన్న కథ అయింది. బాపిరాజు సరిగ్గా ఇలా ఆలోచించే రాశాడని చెప్పలేం గానీ ఫలితం మాత్రం అదే. ఊళ్ళ పేర్లు రాతి మీదివే, ఊళ్ళ మధ్య సంబంధం మారింది. నవలలు ఎక్కువగా ఈ పద్ధతే వాడతాయి. భూగోళం కదపవు. ఓరుగల్లు, వర్ధమానపురం, ఆదవాని, నిడదవోలు ఎక్కడివక్కడే ఉంటాయి. పాఠకుడు తనకు తెలిసిన ఊరి పేరు చూడగానే మిగతాదీ నమ్మేస్తాడు.

దొంగ వేషం అన్నది మాత్రం శాసనాల్లోంచి వచ్చినట్టు లేదు. ఆస్తి పోగొట్టుకున్న రాజబంధువు అడవి పట్టి, అన్యాయం చేసినవాళ్ళని దోచి, చివరికి అసలు పాలకుడి పక్షాన నిలబడడం అనేది యూరప్‌లోనూ బెంగాల్‌లోనూ చారిత్రక నవలలకు బాగా అలవాటైన కథ. తెలుగు నవల దాన్ని తీసుకుని కాకతీయ సామంత వ్యవస్థకు అతికించింది. ఆ అతుకు కనపడకపోవడానికి కారణం ఉంది. కాకతీయ రాజ్యం నిజంగానే సామంతుల మీద, నాయకుల మీద నడిచింది. ఎవరు ఎప్పుడు ఎదురు తిరుగుతారో తెలియని వ్యవస్థలో దొంగకూ విధేయుడికీ మధ్య గీత పలచగానే ఉంటుంది.

రుద్రమ కూతురా, భార్యా?

ఇప్పుడు వింతగా ఉంటుంది గానీ, రుద్రమ తనకు ముందు ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడికి ఏమవుతుందన్నది ఒకప్పుడు పెద్ద ప్రశ్న. మోటుపల్లి రాజ్యం గురించి రాసిన మార్కో పోలో, ఆమె చనిపోయిన రాజు భార్య అనీ, నలభై ఏళ్ళుగా రాజ్యాన్ని ఆయన పాలించినంత బాగా, ఇంకా బాగా పాలించిందనీ రాశాడు. తర్వాతి కాలపు ప్రతాపచరిత్ర సంప్రదాయంలోనూ ఆమె గణపతిదేవుడి రాణిగానే కనిపిస్తుంది. శాసనాలు చూస్తే ఇంకో మెలిక: చాలా వాటిలో ఆమె పేరు "రుద్రదేవ మహారాజు". రాణి కాదు, రాజు.

ఈ ముడి విప్పడానికి అక్కరకొచ్చింది విద్యానాథుడి ప్రతాపరుద్రీయం. అది ప్రతాపరుద్రుడి ఆస్థానంలో పుట్టిన అలంకార గ్రంథం, ఉదాహరణ కోసం మధ్యలో ఒక అయిదంకాల నాటకం పెట్టుకుంది. అందులో గణపతిదేవుడు కొడుకు లేక కూతురినే కొడుకుగా భావించి రుద్రుడని పేరు పెట్టాడని ఉంది. మగ పేరు ఎందుకొచ్చిందో ఇలా తేలింది, ఆమె కూతురన్నది చరిత్రలో స్థిరపడింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే నవల ఏం ఎంచుకుందో తెలిసిపోతుంది. భార్య అన్న కథను వదిలేసింది. కూతురన్నది తీసుకుంది, మగపేరునూ తీసుకుంది, ఆ రెండింటినీ కలిపి అబ్బాయిలా పెరిగిన అమ్మాయి కథ చేసింది. నాటకంలో పేరు పెట్టడం ఒక రాజకీయ లాంఛనం. నవలలో అదే మనసులోని ఇబ్బంది: మగవేషంలో ఉన్న ఆడపిల్ల నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి ప్రేమిస్తే ఏమవుతుంది? శాసనాలు వీరభద్రుడు ఆమె భర్త అని చెప్పి ఊరుకుంటాయి. నిజానికి ఆ పెళ్ళి ఓరుగల్లుకూ తూర్పు తీరానికీ మధ్య రాజకీయ బంధం అయ్యుండడానికే ఎక్కువ అవకాశం. గణపతిదేవుడు ఇంకో కూతురు గణపాంబను ధరణికోట కోట వంశంలో ఇచ్చింది కూడా ఆ లెక్కలోనే. పెళ్ళిళ్ళతో రాజ్యం కట్టుకోవడం అప్పటి పద్ధతి. కానీ పొత్తు కోసం చేసిన పెళ్ళి మీద అంత పెద్ద ప్రేమకథ నడవదు కదా.

ఒకే యుద్ధం, ఇద్దరు విజేతలు

పాత రాతలు ఒకదాన్నొకటి ఎంతగా కాదంటాయో చూడాలంటే దేవగిరి యాదవ మహాదేవుడి దాడి చాలు. మహాదేవుడి దగ్గర పనిచేసిన హేమాద్రి తన వ్రతఖండంలో రాసిన ప్రకారం, యాదవ రాజు తెలుగు పాలకుల ఏనుగుల్నీ మంగళవాద్యాల్నీ పట్టుకున్నాడు, రుద్రమ ఆడది కాబట్టి చంపకుండా వదిలేశాడు. ప్రతాపచరిత్ర ప్రకారం అదే యుద్ధంలో రుద్రమ పదిహేను రోజులు పోరాడి లక్షల సైన్యాన్ని నేలకూల్చి, మహాదేవుణ్ణి దేవగిరి దాకా తరిమి కోటి బంగారు నాణేలు వసూలు చేసింది. ఒకటి ఎదుటివాళ్ళ ఆస్థానంలో పుట్టిన పొగడ్త, ఇంకోటి రెండు శతాబ్దాల తర్వాత మనవాళ్ళు చెప్పుకున్న గొప్ప. అంకెలు చూస్తేనే రెండోదానిలో గోరంత కొండంత అయిందని అర్థమవుతుంది.

ఇద్దరినీ తూచడానికి మూడో సాక్షి బీదరు కోటలో దొరికిన విరిగిన కన్నడ శాసనం. రుద్రమ పక్షాన నడిచిన సామంతుడు భైరవుడి ప్రస్తావన, ఆమె విజయాల ప్రస్తావన అందులో ఉన్నాయి. కాకతీయుల పట్టు బీదరు దాకా వెళ్ళిందంటే హేమాద్రి మాట మొత్తంగా నమ్మలేం. చరిత్రకారుడు అక్కడ ఆగుతాడు: గెలిచింది రుద్రమే అయ్యుండాలి, దేవగిరి దాకా వెళ్ళిందా అన్నది అనుమానం. నవల అక్కడ ఆగలేదు. పాఠకుణ్ణి యుద్ధం దాకా నడిపించుకొచ్చి "బహుశా" అంటే ఒప్పుకోరు. అందుకే ఇలాంటి చోట్ల నవలలు నమ్మదగిన రాతను కాకుండా కథకు పనికొచ్చే రాతను ఎంచుకుంటాయి. హేమాద్రి మాట కూడా వృథాగా పోదు. ఆడదని వదిలేశానన్న ఆ అహంకారమే నవలల్లో ప్రతినాయకుల నోట పలుకుతుంది, శత్రువు రాసుకున్న పొగడ్త అతని లోపంగా తిరగబడుతుంది.

అది 1940ల్లోనే ఎందుకు రాయగలిగారు

నవలాకారుడికి ఎంత ప్రతిభ ఉన్నా చేతికందిన పుస్తకాలను బట్టే రాస్తాడు. తెలుగులో తొలి చారిత్రక నవలలు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 1890ల్లో చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం రాసిన హేమలతలో ఉన్నది రాజపుత్రుల కథ. గోదావరి ఒడ్డున కూర్చుని రాజస్థాన్‌లోని చిత్తోడ్, ఢిల్లీల గురించి రాయడం వింతే. కానీ కల్నల్ టాడ్ రాజస్థాన్ చరిత్ర అప్పటికే అచ్చులో ఉంది, కథలకు కథలు, వీరులకు వీరులు తయారుగా ఉన్నారు. ఓరుగల్లు గురించి అలాంటి పుస్తకం లేదు.

తర్వాతి నలభై ఏళ్ళలో ఆ కొరత తీరింది. 1900లో సూయెల్ విజయనగరం పుస్తకం వచ్చింది, ఆ తర్వాత తెలుగు నవలలు విజయనగరం వైపు తిరిగాయి. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథాలు వేసింది, చారిత్రక నవలలకు పోటీలూ పెట్టింది. 1910 నుంచి చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వచ్చింది. 1935లో రాజమండ్రి నుంచి మారేమండ రామారావు సంపాదకత్వంలో కాకతీయ సంచిక, అదే కాలంలో హైదరాబాదు నుంచి లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాల సంపుటం వచ్చాయి. అంటే బాపిరాజు నవలకు కూర్చునేసరికి బల్ల మీద శాసనాల పాఠాలు, వంశవృక్షాలు, తేదీల తగాదాలు అన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్ళ ముందు ఇదే నవల రాయాల్సి వస్తే గన్నారెడ్డి అన్న పేరే తట్టి ఉండకపోవచ్చు.

రెండో కారణం కాలం. 1940ల్లో తెలుగువాళ్ళు రెండు పాలనల్లో ఉన్నారు, మద్రాసు రాష్ట్రంలో కొందరు, నిజాం రాజ్యంలో కొందరు. బాపిరాజు పుట్టింది పశ్చిమ గోదావరి ప్రాంతంలో, ఆ దశకంలో మీజాన్ తెలుగు పత్రిక సంపాదకుడిగా ఉన్నది హైదరాబాదులో. ఓరుగల్లు నుంచి మోటుపల్లి రేవు దాకా ఒకే పాలన కింద ఉన్న కాలం ఆ రోజుల్లో కథావస్తువుగా ఎందుకు ఆకర్షించిందో వేరే చెప్పక్కర్లేదు. నవలలో దుర్మార్గులు ఎవరో చూడండి: ముక్కలుగా విడిపోదామనే సామంతులు. మంచివాళ్ళు కలిపి ఉంచేవాళ్ళు. 13వ శతాబ్దపు గొడవకు 20వ శతాబ్దపు కోరిక అద్దారు. నోరి నరసింహశాస్త్రి కూడా ఆ తర్వాత కొన్నేళ్ళకే రుద్రమదేవి పేరుతో నవల రాశారు కాబట్టి ఇది ఒక్కరి ఇష్టం అనుకోలేం.

బాపిరాజు విషయంలో ఇంకో చిన్న సంగతి. ఆయన చిత్రకారుడు కూడా. బట్టలు, నగలు, గుర్రాల జీనులు వర్ణించేటప్పుడు ఆయన చదువుతున్నది పుస్తకాల్ని మాత్రమే కాదు, శిల్పాల్ని కూడా అనిపిస్తుంది. శాసనంలో మనుషులకు బిరుదులుంటాయి తప్ప ముఖాలుండవు. ఆ లోటు గుడి గోడల మీంచి తీరింది.

వాడుకోకుండా పక్కన పెట్టినవి

నవల ఏం తీసుకుందో చూశాం, ఏం వదిలిందన్నది కూడా అంతే చెబుతుంది. 1261 నాటి మల్కాపురం శాసనంలో రుద్రమ శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం, వెలగపూడి ఊళ్ళిచ్చిన దానం ఉంది. ఇప్పటి అమరావతి సచివాలయం ఉన్న వెలగపూడే అది. దాని ఆదాయంలో ఎంత మఠానికి, ఎంత చదువుకునేవాళ్ళకు, ఎంత ప్రసూతిశాలకూ వైద్యానికీ అని వివరంగా పంచారు. రుద్రమ పాలన నిజంగా ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి రాత లేదు. కానీ లెక్కల పత్రంలో ఉత్కంఠ పుట్టదు కాబట్టి ఇలాంటివి కథల్లో ఒక వాక్యంతో సరిపెట్టుకుంటాయి. అందుకే చారిత్రక నవలలు చదివి పెరిగినవాళ్ళకు కత్తి పట్టిన రుద్రమ తెలిసినంతగా, చెరువు తవ్వించి ప్రసూతిశాలకు డబ్బులిచ్చిన పాలన తెలియదు.

పొన్నియిన్ సెల్వన్‌తో పోలిస్తే

తమిళంలో కల్కి 1950 నుంచి 1954 దాకా వారపత్రికలో రాసిన పొన్నియిన్ సెల్వన్, దాని మీద 2022, 2023ల్లో వచ్చిన సినిమాల తెలుగు అనువాదాల వల్ల మన దగ్గర కూడా ఇలాంటి ప్రశ్నలే లేపింది. అక్కడ పని తీరు కొంచెం వేరు. ఉడయార్గుడి శాసనంలో చోళ యువరాజు ఆదిత్య కరికాలుణ్ణి చంపిన ద్రోహులుగా రవిదాసుడు, అతని సోదరుల పేర్లు సూటిగా ఉన్నాయి, వాళ్ళ ఆస్తుల స్వాధీనం గురించే ఆ శాసనం. హంతకుల పేర్లు తెలిశాక హత్య కథ నడపడం కష్టం. కల్కి అందుకని నందిని అనే పాత్రను సృష్టించి, ఎవరు చంపారన్న ప్రశ్నను ఎందుకు, ఎవరి చేతి మీదుగా అన్న ప్రశ్నగా మార్చి చివరి దాకా తేల్చకుండా లాగాడు. శాసనం ఎక్కువ చెప్పిన చోట నవల పొగమంచు పరిచింది. గన్నారెడ్డి విషయంలో శాసనం తక్కువ చెప్పింది కాబట్టి నవల ఖాళీని నింపింది. రెండింటిలోనూ పాత రాతకు విరుద్ధంగా పోయింది తక్కువే, దాని బరువును మాత్రం ఇంకో పక్కకు నెట్టారు.

నవలే ఆధారంగా మారిపోవడం

2015 అక్టోబరులో గుణశేఖర్ రుద్రమదేవి సినిమా వచ్చింది. అందులో అన్నాంబిక పేరుతో ఒక పాత్ర ఉంది. ఆ పేరు నవలలోది. అలాగే గద్దె కోసం కుట్ర చేసే హరిహరదేవుడు, మురారిదేవుడు కూడా కనిపిస్తారు. వీళ్ళు ప్రతాపచరిత్ర వైపు నుంచి వచ్చినవాళ్ళు, సమకాలీన శాసనాల్లో వీళ్ళ జాడ లేదు. తెర మీద మాత్రం శాసనాల్లో ఉన్న గణపతిదేవుడు, నవలలో పుట్టిన అన్నాంబిక, వచన కథలోని హరిహరదేవుడు ఒకే సభలో, ఒకే వెలుతురులో నిలబడతారు. ఎవరు ఏ పొరలోంచి వచ్చారో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

సినిమా తన వంతు మార్పు తానూ చేసింది. అల్లు అర్జున్ గన్నారెడ్డి తెలంగాణ యాసలో మాట్లాడాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చి ఏడాది దాటిన సమయం అది. ప్రభుత్వం ఆ సినిమాకు వినోదపు పన్ను మినహాయింపు కూడా ఇచ్చింది. 1940ల నవలలో రెండు తెలుగు ప్రాంతాల్నీ కలిపే రాజ్యానికి కాపలా కాసినవాడు, 2015లో పాలమూరు నేల మనిషి అయ్యాడు. వర్ధమానపురం నిజంగానే అటు వైపుది కాబట్టి ఇదీ ఆధారం లేని మాటేం కాదు. అయితే 13వ శతాబ్దంలో అక్కడివాళ్ళు ఇప్పటి యాసలో మాట్లాడలేదు, బాపిరాజు పాత్రల భాషలోనూ మాట్లాడలేదు. పాత తెలుగును ఎవరి చెవికి దగ్గర చేయాలన్నది ఎప్పటికప్పుడు రాసేవాళ్ళ నిర్ణయమే.

నవల తర్వాత బయటపడ్డ రాయి

బాపిరాజు రాసేనాటికి చరిత్ర పుస్తకాల్లో రుద్రమ పాలన 1295 దాకా సాగినట్టు ఉండేది, ఆమె ఎలా పోయిందో తెలియదు. తర్వాత నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. తేదీ 1289 నవంబరు. కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను భూమి దానం చేశాడు. రాణీ సేనానీ ఒకేసారి పోయారంటే యుద్ధరంగంలోనే అయ్యుంటుందని చరిత్రకారులు అంటారు. తేదీ అయిదారేళ్ళు వెనక్కి జరగడంతో అప్పటిదాకా వచ్చిన కథలన్నిటికీ ముగింపు మారిపోయినట్టయింది.

ఇంకో రాయి త్రిపురాంతకంలో ఉంది, 1290 నాటిది. కాయస్థ అంబదేవుడు వేయించుకున్నది. ఓరుగల్లుకు ఎదురు తిరిగిన సామంతుడు అతను. ఎంతమంది నాయకుల్ని ఓడించిందీ అందులో వరసగా చెప్పుకుని, మల్లికార్జునుణ్ణి కూడా ఆ లెక్కలో వేసుకున్నాడు. రుద్రమ పేరు మాత్రం ఎత్తలేదు. దానం ఇచ్చినవాడు ఆమె పోయిందని చెప్పి చంపిందెవరో చెప్పలేదు, గొప్పలు పోయినవాడు సేనాని పేరు చెప్పి రాణి పేరు మింగేశాడు. ముసలితనంలో గుర్రమెక్కి యుద్ధానికి వెళ్ళిన రుద్రమ, ఆమె పక్కన మల్లికార్జునుడు, ఊరికి తిరిగొచ్చి ఉన్న కాస్త పొలం రాసిచ్చిన పువ్వుల ముమ్మడి, ఈ ముగ్గురి కథకు చోటు ఆ రెండు రాళ్ళ మధ్య ఇప్పటికీ ఉంది.